కుడి చేతి బ్రేకు

పదకొండింటికి తలుపు మూసేశారు. గంట పడుతుందండీ, ఇక్కడే కూర్చోండి అంది ఫిజియో మేడమ్, కూర్చోక ఎక్కడికి పోతాను తల్లీ, రెండు నెలల నుంచి వారానికి మూడు రోజులు ఈ బెంచీ మీదే కదా నా కాపురం, కుడి చివర చెక్క చీలి ప్యాంటు పట్టుకుంటుందని కూడా తెలుసు, అందుకే ఎడమ చివర కూర్చుంటాను. ఎదురుగా వాడి చక్రాల కుర్చీ, ఖాళీగా. లోపల వాణ్ణి నడుముకి బెల్టు కట్టి, కాళ్ళకి పట్టీలు బిగించి, రెండు కడ్డీల మధ్య నిలబెడతారు. వాడంటే నా బామ్మర్ది, మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు, ముప్ఫై రెండేళ్ళవాడు, లిఫ్టు మెకానిక్కు, పది అంతస్తుల గోతిలో బెల్టుకి వేలాడుతూ పాటలు పాడినవాడు, ఇప్పుడు నడుము కింద గుచ్చినా తెలియదు. చేతులు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయండీ అంటుంది మేడమ్ ప్రతిసారీ. చేతులకేం, ఉక్కుముక్కలు, కానీ ఆ చేతుల్నే వాడు నమ్మటం లేదు. పన్నెండింటికి వాళ్ళ మేనేజరు ఫోన్ చేస్తాడు. కూర్చుని చేసే పని ఇస్తానన్నాడు, లిఫ్టుల కంట్రోలు బోర్డులు బాగుచేసే టేబులు, కుర్చీతో సహా లోపలికి వెళ్ళేలా గుమ్మం కూడా వెడల్పు చేయిస్తానన్నాడు, మంచివాడు. ఈ రోజే ఆఖరు, అవునో కాదో చెప్పేయాలి. వీడు కాదంటాడు. ఎందుకు కాదంటాడో ఈ లోకంలో నాకొక్కడికే సరిగ్గా తెలుసు.

చెయ్యి ఊరుకోదు కదా, కుర్చీ వెనక పిడుల కింద ఉన్న బ్రేకులు నొక్కి చూస్తున్నాను, ఎడమది వదులుగా ఉంది, తీగ సాగింది, నిన్న కూడా సాగే ఉందా, నేను చూడలేదా, జేబులో చిన్న స్పానరు ఉంటుంది ఎప్పుడూ, పెళ్ళిళ్ళకి వెళ్ళినా ఉంటుంది, మా ఆవిడేమో, తాళి నా మెడలో ఉంది, స్పానరు మీ జేబులో ఉంది అని వెక్కిరిస్తుంది, అంటే వెక్కిరించేది, ఈ మధ్య ఏమీ అనటం లేదు. బిగించాను. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. మోటారు బండ్ల షెడ్డు నాది. నా షెడ్డులో ఒక పద్ధతి ఉంది, బండి బయటికి వెళ్ళేటప్పుడు హ్యాండిలుకి చీటీ కట్టి పంపిస్తాను, దారంతో, ఏం మార్చానో నా చేత్తో రాసి. ముందు బ్రేకు కొత్తది, రెండు రోజులు మెల్లగా నొక్కండి. యాక్సిలరేటరు తీగ మార్చాను, ముందటిలా లాగకండి. అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి కానీ చీటీ లేకుండా ఒక్క బండి గేటు దాటలేదు, అందుకే నా షెడ్డు నుంచి వెళ్ళిన బండి మీద ఇంతవరకూ ఎవడూ పడలేదు అని నలుగురిలో గొప్పలు చెప్పుకునేవాణ్ణి, సిగ్గులేని ముండాకొడుకుని.

ఆ సైకిలు కొనమన్నది వీడే. నీకు పొట్ట వస్తోంది బావా, షుగరు వస్తుంది, ఆదివారాలు నాతో రా, రాతి గనుల వెనక అడవిలో కాలిబాటలు ఉన్నాయి, పెద్ద కొండలేం కావు, మెల్లగా తొక్కుకుంటూ పోయి ఫ్లాస్కులో టీ తాగి వచ్చేద్దాం. నాకెందుకురా ఈ వయసులో అన్నాను, అంటూనే పాత సైకిళ్ళ ప్రకటనలు చూడ్డం మొదలుపెట్టాను, అది నా జబ్బు, ఇనుము కనిపిస్తే ఆగలేను. మూడో ప్రకటన చూసి వెళ్ళాను. వాళ్ళ కారు షెడ్డులో గోడకి తగిలించి ఉంది, నీలం రంగు, ఫ్రేము గీతలు పడింది కానీ నిటారుగా ఉంది. అమ్మే ఆయన బడిలో లెక్కల మాస్టారు, మోకాళ్ళు అరిగిపోయాయట. నేను టార్చి వేసి పెడళ్ళ కింద అతుకులన్నీ వేలుగోటితో గీరి చూశాను, పగులు ఎక్కడైనా దొరుకుతుందేమోనని, చక్రం తిప్పి చెవి పెట్టి విన్నాను, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు నొక్కితే సీలు దగ్గర కొంచెం నూనె చెమ్మ. గొలుసు సాగిపోయిందండీ అంటే, సాగదా, ఆరేళ్ళు నన్ను మోసింది అన్నాడాయన నవ్వుతూ. పిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు గేటు దాకా వచ్చాడు. అప్పుడు చెప్పాడు, ఇంకో మాటండీ, మీరు మోటారు బండ్ల మనిషినంటున్నారు, దీనికి ముందు బ్రేకు ఎడమ చేతిలో ఉంటుంది, బయటి నుంచి వచ్చే ఈ కొండ సైకిళ్ళకి అలాగే, చూసుకోండి. ముక్కూమొహం తెలియని మనిషి. గేటు దగ్గర నిలబడి, ఎండలో, గుర్తుపెట్టుకుని మరీ చెప్పాడు.

ఇంటికి తెస్తే మా ఆవిడ గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని, ఓహో సవతిని తెచ్చారా, రంగు బాగుంది, వయసే ఎక్కువ అంది. నెల రోజులు ఆ సవతితోనే గడిపాను నిజంగా. షెడ్డు మూసి వచ్చాక స్నానం కూడా చేయకుండా దాని దగ్గరే. గొలుసు మార్చాను, పెడళ్ళ దగ్గరున్న పళ్ళ చక్రాలు మూడూ తీసేసి ఒక్కటే వేశాను, గేరు మార్చడం తేలికవుతుందని. సన్న టైర్లు పీకి లావువి వేశాను, ట్యూబు లేనివి, ముల్లు దిగినా లోపలి మందు దానంతటదే కన్నం మూసేస్తుంది. హ్యాండిలు వెడల్పుది. ఫోర్కు విప్పి సీళ్ళు వేసి కొత్త నూనె పోస్తే ఎంత మెత్తగా దిగిందనీ, చంటిబిడ్డ నిద్రపోయినట్టు. ఇంక బ్రేకులు. పాతవి తీగ బ్రేకులు, ఒకోసారి జారేవి, ఒకోసారి ఒక్కసారిగా పట్టేసేవి, వాటితోనే మొదటి వారం వీధిలో తొక్కుతూ ఎడమది నొక్కితే ముందు చక్రం పట్టేసి పడబోయాను, ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళుగా నా కుడి చేతిలో ముందు బ్రేకు ఉంది, నిద్రలో లేపి అడిగినా నా కుడి చెయ్యే ముందు చక్రం. అందుకని ఆయిలు బ్రేకులు తెచ్చి, ముందు పెద్ద డిస్కు వేసి, ముందుది కుడి లివరుకి, వెనకది ఎడమ లివరుకి కలిపేశాను. నా బండి, నా చేతులు, నా ఇష్టం. గాలి బుడగ లేకుండా ఆయిలు ఎక్కించి ఒక్క వేలితో తాకి చూశాను, ఠక్కున ఆగింది చక్రం, అబ్బ ఎంత పొంగిపోయాను, మా ఆవిణ్ణి పిలిచి చూపించాను కూడా. దానికి చీటీ కట్టలేదు. సొంత బండికి చీటీ ఎవడు కడతాడు?

లోపలి నుంచి వాడి మూలుగు, మేడమ్ గొంతు, ఇంకొక్కసారి, కడ్డీ పట్టుకోండి, మీ చేతులు పట్టుకుంటాయి, వదలవు. పదకొండుంపావు.

ఆ ఆదివారం పొద్దున్న ఎక్కడమంతా ఎవరి సైకిలు మీద వాళ్ళం. వాడు ముందు, నేను ఆయాసపడుతూ వెనక, వాడు తిరిగి తిరిగి చూసి, బావా ప్రాణం ఉందా, అక్కకి ఏం చెప్పమంటావ్ అని అరుపులు. ఎక్కడంలో బ్రేకుతో పనేముంది. పైన చదునులో ఆగి టీ తాగాం, ఎండుటాకుల వాసన, వాడు నా సైకిలు చుట్టూ తిరుగుతున్నాడు, వంగి చూస్తున్నాడు, ఏం చేశావు బావా దీన్ని, ముసలిదాన్ని పెళ్ళికూతుర్ని చేసేశావు, ఒక్కసారి ఇవ్వు, దిగేటప్పుడు నేను దీని మీద దిగుతా, నువ్వు నాదాని మీద రా. తీసుకోరా అన్నాను, పొంగిపోతూనే అన్నాను, వాడు మెచ్చుకుంటే నాకు ఎప్పుడూ అదో ఇది. అప్పుడే ఫోన్ మోగింది. ముందురోజు షెడ్డు నుంచి బండి తీసుకెళ్ళిన కస్టమరు, రొట్టెల డెలివరీ మనిషి, అన్నా చీటీ ఎక్కడో పడిపోయింది, ఏం రాశావ్ అని. నేను వివరంగా చెప్పాను, ముందు బ్రేకు కొత్తది తమ్ముడూ, గట్టిగా పట్టకు, పట్టావంటే బండి నిన్ను విసిరేస్తుంది, రెండు రోజులు ఓపిక పట్టు అని. చెప్తూ చూస్తున్నాను, నా బామ్మర్ది హెల్మెట్టు బిగించుకుని, నాకు చెయ్యి ఊపి, చెట్ల మధ్యకి దిగిపోయాడు. బండి నిన్ను విసిరేస్తుంది అని నా నోటితోనే అంటున్నాను. పరాయివాడికి చెప్తున్నాను. ఆ నీలం రంగు కనపడకుండా పోయేదాకా చూస్తూ కూడా నా బుర్రకి తట్టలేదు.

ఫోన్ పెట్టేసి వాడి సైకిలు మీద వెనకే దిగాను. రెండు మలుపులు దిగాక రాళ్ళ మెట్టు ఉంది, మనిషి నడుమెత్తు, దాని ముందు వేగం తగ్గించుకోవాలి, బరువు వెనక్కి వేసి వెనక బ్రేకు పట్టాలి, నాకు నేర్పింది వాడే. మెట్టు కింద సైకిలు పక్కకి పడి ఉంది, వెనక చక్రం గాలిలోకి లేచి. వాడు ఇంకొంచెం కింద, రాయికి నడుం ఆనించి, ఆకాశం చూస్తూ, మొహం మీద ఒక్క గీత లేదు. కదలకురా, కదలకు అంటున్నాను, వాడు కదిలితే కదా. బావా, వెనక బ్రేకే పట్టాను, ఒట్టు బావా, కుడి చేత్తోనే పట్టాను అన్నాడు. కుడి చేత్తోనే. అప్పుడు తెలిసింది. అక్కడే కూలబడ్డాను, వాడేమో నాకేమైందోనని కంగారుపడి, బావా నీకు బీపీ ఉంది, నీడలోకి వెళ్ళు అంటున్నాడు. ఆ మాట, ఆ నీడలోకి వెళ్ళు అన్న మాట, షేవింగు చేసుకునేటప్పుడు వినిపిస్తుంది, అన్నం కలుపుతుంటే వినిపిస్తుంది.

పదకొండున్నర. పక్కన ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది, చెయ్యి విరిగిన భర్త లోపల ఉన్నాడట. ఎవరు బాబూ మీకు అంది. బామ్మర్దండీ అన్నాను. ప్రతిసారీ మీరే వస్తారు, చూస్తుంటాను, ఈ రోజుల్లో ఇలాంటి బావ ఎవరికి దొరుకుతాడు అంది. లేచి కుర్చీ ఎడమ బ్రేకు మళ్ళీ నొక్కి చూశాను.

వాణ్ణి ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళాక మా ఆవిడ, ఇంటికెళ్ళి వాడి బట్టలూ కాగితాలూ తీసుకురండి అంది. సైకిలు ట్రాలీ ఆటోలో అప్పటికే ఇంటికి చేరింది. మధ్యాహ్నం రెండు. ఇంటి వెనక రేకుల షెడ్డులో గోడకి ఆనించి ఉంది, మట్టి కొట్టుకుని, హ్యాండిలు కొంచెం పక్కకి తిరిగి. బట్టల సంచి కింద పెట్టాను. మామూలుగా బాగుచేసే మనిషినే కదా, చూద్దామని వెళ్ళాను, అంతే, చూద్దామనే. ఆ లివర్లు ఇటైనా అటైనా పట్టే రకం. రెండేసి బోల్టులు. విప్పాను, కుడిది ఎడమకి, ఎడమది కుడికి, పైపులు సర్ది, బిగించి, నూనెగుడ్డతో వేలిముద్రలు కూడా తుడిచాను దొంగలా. పది నిమిషాలు పట్టలేదు. ఎవరైనా మళ్ళీ ఎక్కితే పడకూడదు కదా అని పైకే అన్నాను, ఖాళీ షెడ్డులో, ఎవరికి చెప్పానో. అబద్ధం. మా ఆవిడ మొహం గుర్తొచ్చి చేశాను. నా తమ్ముణ్ణి ఏం చేశావు అని అది అడిగితే, పాతికేళ్ళలో ఎన్నడూ నువ్వు అననిది ఆ ఒక్కసారి నువ్వు అని అడిగితే, నేను తట్టుకోలేనని చేశాను. అక్కడ వాడి వెన్ను కోసి మరలు బిగిస్తున్నారు, ఇక్కడ నేను బోల్టులు బిగిస్తున్నాను. సంచి తీసుకుని ఆసుపత్రికి వెళ్ళి అందరితోపాటు ఏడ్చాను.

అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేది, తిట్టేవాళ్ళు, కొట్టేవాళ్ళు, ఇంట్లోంచి పొమ్మనేవాళ్ళు, పోయేవాణ్ణి. ఇంతకన్నా ఏమవుతుంది? నాలుగో వారంలో వాడు వాళ్ళ అక్కని అడిగాడు, సైకిలు ఫోటోలు తీసి పంపు అక్కా, చూడాలనిపిస్తోంది అని. పాపం వాడికి దాని మీద ఎంత ఇష్టమో అనుకుంటూ మా ఆవిడ నాలుగు వైపుల నుంచీ తీసి పంపింది. నేను మంచం పక్కన బత్తాయి వలుస్తున్నాను. వాడు ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు, ముందు బ్రేకు పైపు వెంబడే వేలితో గీసుకుంటూ వెళ్ళాడు, చక్రం నుంచి పైకి, ఫోర్కు మీదుగా, లివరు దాకా. నా చేతిలో బత్తాయి చితికిపోయి రసం మోచేతి దాకా కారింది. ఫోన్ బోర్లా పెట్టాడు. నా చెయ్యే బావా అన్నాడు. బండి సరిగ్గానే ఉంది, ముందుది ఎడమకే ఉంది, కుడిదే పట్టాననుకున్నాను కానీ ఎడమది పట్టేసి ఉంటాను, నా చెయ్యి ఏం చేసిందో నాకే తెలియలేదు. ఒకటి చెప్తాను ఏమనుకోకు బావా, ఇన్నాళ్ళూ నీ మీద అనుమానపడ్డాను, నువ్వేదో మార్చి మర్చిపోయావనుకున్నాను, నన్ను క్షమించు. వాడు నన్ను క్షమించమన్నాడు. నేను ఫరవాలేదురా అన్నాను. ఈ నోటితోనే అన్నాను, పురుగులు పడని నోరు.

ఆ రోజు నుంచి మొదలైంది. టీ గ్లాసు పట్టుకునేటప్పుడు కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుంటాడు. లైటు స్విచ్ వేసేముందు వేలు చూసుకుంటాడు. కుర్చీ బ్రేకు తను వేయడు, ఎవరైనా వేయాలి. ఆ టేబులు పని గురించి మా ఆవిడ నెల రోజులుగా బతిమాలుతుంటే, అక్కా, ఆ బోర్డులో ఒక తీగ అటుది ఇటు పెట్టానంటే లిఫ్టు ఊడి పడుతుంది, లోపల మనుషులుంటారు, నేను పెట్టింది ఏదో నాకే తెలియకపోతే అంటాడు. కాళ్ళు రాయి మీద పోయాయి. చేతులు మాత్రం నేను తీశాను, రేకుల షెడ్డులో, పది నిమిషాల్లో. సైకిలుని మా ఆవిడ పోయిన వారం ఎవరికో ఇచ్చేసింది, కళ్ళముందు వద్దని. నేను గేటు దాకా కూడా వెళ్ళలేదు.

పావు తక్కువ పన్నెండు. చెప్పాలి. మేనేజరు ఫోన్ రాకముందే చెప్పాలి. ఎన్నిసార్లు నోరు తెరిచాను, స్నానం చేయించేటప్పుడు ఒకసారి, టాక్సీలో ఒకసారి, ప్రతిసారీ మంచినీళ్ళు కావాలా అని అడిగి ఊరుకున్నాను. నోటితో కాదు, నాకు నోటితో చేతకాదు, నాకు చేతనైంది ఒకటే. పెద్దావిడని పెన్ను అడిగాను. ఫిజియో టోకెను వెనక రాశాను, కుర్చీ చేతి మీద కాగితం ఆనించి. ముందు బ్రేకు కుడి చేతికి మార్చాను. నీకు చెప్పలేదు. నువ్వు పడ్డాక మళ్ళీ ఎడమకి మార్చేశాను. తప్పు నీ చేతిది కాదు. ముప్ఫై ఏళ్ళలో రాసిన వేల చీటీల్లో ఇదొక్కటే ఆలస్యంగా రాసింది. చదువుకుంటే ఎప్పటిలా కోడి కెలికినట్టున్నాయి కానీ తెలుస్తున్నాయి.

తలుపు తెరుచుకుంది. మేడమూ ఆయా వాణ్ణి కుర్చీలోకి దించారు, చొక్కా తడిసి వీపుకి అంటుకుంది, నుదుటి మీద చెమట. ఈ రోజు ఎనిమిది నిమిషాలు నిలబడ్డారండీ, అంతా చేతుల బలమే అంది మేడమ్. వాడు చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. నేను చీటీ ఇచ్చాను. చదివాడు. మళ్ళీ చదివాడు. నేను నేల చూస్తున్నాను, కొట్టరా, కొట్టు, అందరిముందూ కొట్టు అనుకుంటున్నాను.

వాడు నవ్వాడు. "అక్క రాయమందా?"

"లేదురా. నిజం."

"ఫోటో చూశాను కదా బావా."

"అప్పటికే మార్చేశాను. నీకు ఆపరేషను జరుగుతుంటే, ఇంటికెళ్ళి, షెడ్డులో..."

వాడు నా మొహంలోకి చూశాడు. చూస్తూనే ఉన్నాడు, ఒక క్షణం వాడి కళ్ళలో ఏదో కదిలింది, నమ్మాడు, నమ్మేశాడు అనుకున్నాను, మూడు నెలల తర్వాత మొదటిసారి ఊపిరి పూర్తిగా అందింది.

"నన్ను కోస్తుంటే, నువ్వు ఇంట్లో కూర్చుని బోల్టులు విప్పుకున్నావా?" అన్నాడు. "నువ్వా? చీటీ కట్టకుండా బండి వదలని మనిషివి. అల్లితే అతికేలా అల్లాలి బావా. నీకు అబద్ధాలు చేతకావు."

"తప్పు నాదేరా! నీ చేతులు బాగానే ఉన్నాయి!" అరిచాను. వరండాలో అందరూ తిరిగి చూశారు. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పెద్దావిడ, నెత్తిన వేసుకుంటున్నాడు చూడు పాపం, కన్నతండ్రి కూడా ఇంత చేయడు అంది. వాడు నా చెయ్యి పట్టుకుని, ఊరుకో బావా, బీపీ పెరుగుతుంది అన్నాడు. చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, జాగ్రత్తగా, గుండీ కూడా పెట్టుకున్నాడు. ఫోన్ మోగింది. సార్ అన్నాడు. నేను ఫోన్ లాక్కోబోయాను, వాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. లేదు సార్, మీ మంచితనం మర్చిపోను సార్, కానీ వద్దు, నా చేతులు బాలేవు అన్నాడు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

బయటికి వెళ్ళే దారిలో ఏటవాలు బాట ఉంది, సిమెంటుది, పొడుగ్గా టాక్సీలు ఆగే చోటి దాకా. దాని మొదట్లో కుర్చీ ఆపాను. వాడి రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి, ఒకదాన్ని ఒకటి పట్టుకుని.

"బ్రేకు నువ్వు పట్టుకో బావా," అన్నాడు. "నువ్వు పట్టుకుంటే నాకు భయం ఉండదు."

పట్టుకున్నాను.